డన్‌బర్‌ను యాసకే కట్టేసిన సమీక్ష

నల్లజాతి వాళ్ల యాసలో కవిత్వం రాయడం గౌరవమా, అవమానమా? అమెరికాలో దశాబ్దాల పాటు సాగిన ఈ వాదం వెనక్కి వెళ్తే నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బర్ దగ్గర ఆగాల్సిందే.

డన్‌బర్ 1872 జూన్ 27న ఒహాయోలోని డేటన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ కెంటకీలో బానిసలుగా బతికినవాళ్లు. తల్లి మటిల్డా చెప్పే ఆ రోజుల కథలు, పాడే పాటలు వింటూ పెరిగాడు. హైస్కూల్ క్లాసులో నల్లపిల్లాడు అతనొక్కడే. తర్వాతి కాలంలో విమానం ఎగరేసిన ఆర్విల్ రైట్ అతని క్లాస్‌మేట్. ఇంత చదివినా దొరికింది వారానికి 4 డాలర్ల లిఫ్ట్ ఆపరేటర్ ఉద్యోగం. తొలి పుస్తకం 'ఓక్ అండ్ ఐవీ'ని లిఫ్ట్ ఎక్కేవాళ్లకే కాపీ డాలరు చొప్పున అమ్ముకున్నాడు.

రెండో పుస్తకం 'మేజర్స్ అండ్ మైనర్స్'. ప్రామాణిక ఇంగ్లిష్ కవితలను మేజర్స్ కింద, యాస కవితలను మైనర్స్ కింద పెట్టాడు. తాను దేనికి పెద్దపీట వేశాడో పేరులోనే చెప్పాడు. అప్పట్లో పెద్ద విమర్శకుడైన విలియం డీన్ హోవెల్స్ ఆ వరసను తలకిందులు చేశాడు. 1896 జూన్ 27న, అంటే డన్‌బర్‌కు 24 నిండిన రోజున, హార్పర్స్ వీక్లీలో వచ్చిన సమీక్షలో యాస కవితలనే ఆకాశానికెత్తాడు. రాత్రికి రాత్రే దేశమంతా డన్‌బర్ పేరు మారుమోగింది. పత్రికలు మాత్రం ఇక యాస కవితలే కావాలన్నాయి.

దీనికి కారణం హోవెల్స్ ఒక్కడే కాదు. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలకు తెల్లవాళ్లు అప్పటికే అలవాటుపడ్డారు. తోటల్లో బానిసలు హాయిగా బతికారన్నట్టు రాసే సాహిత్యమూ బాగా అమ్ముడుపోయేది. ఆ యాసలో వాళ్లు వెతుక్కున్నది ఆ బొమ్మనే.

హోవెల్స్ తీర్పు తనకు కోలుకోలేని హాని చేసిందని డన్‌బర్ 1897లోనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. 1903లో 'ది పోయెట్' అనే చిన్న కవితలోనూ ఆ బాధే చెప్పుకున్నాడు. క్షయ, తాగుడు కలిసి 1906 ఫిబ్రవరి 9న, 33 ఏళ్లకే అతన్ని తీసుకుపోయాయి.

అలాగని ఆ యాస కవితలు తక్కువవి కావు. 'వెన్ మలిండీ సింగ్స్' చదవండి. మలిండీ గొంతెత్తితే సంగీతం పుస్తకం పక్కన పెట్టేయమని యజమానురాలికే చెబుతుంది ఆ కవిత. అందులో ఉన్నది నిండైన ఆత్మగౌరవం.

1922లో కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్, ఈ యాస నవ్వునూ జాలినీ తప్ప మరేదీ పలికించలేదని తేల్చేశాడు. పదేళ్లకు మరో నల్లజాతి కవి స్టెర్లింగ్ బ్రౌన్ తన కవితల పుస్తకం 'సదరన్ రోడ్'లో నల్ల కూలీలు, ఖైదీలు మాట్లాడే భాషలోనే వాళ్ల కోపాన్నీ కష్టాన్నీ రాశాడు. ఆ పుస్తకానికి మెచ్చుకుంటూ ముందుమాట రాసింది జాన్సనే.