పొలిమేరలో వదిలేసిన కుక్కలు: ఈ గోస ఎక్కడ మొదలైంది

తెల్లారి దొడ్డి తడిక తీస్తే పది గొర్రెలు చచ్చి పడి ఉంటాయి. ఒక్కదాన్నీ పూర్తిగా తిని ఉండవు. తొడల వెనుక, పొదుగు దగ్గర, గొంతు మీద అడ్డదిడ్డంగా పళ్ళ గాట్లుంటాయి. భయంతో ఒక మూలకు తోసుకుని ఊపిరాడక చచ్చినవి వేరు. చిరుత అయితే మెడ పట్టి ఒక జీవాన్ని లాక్కుపోతుంది. ఇలా చంపి వదిలేసి పోయేది ఎక్కువగా కుక్కల గుంపే.

పంచనామాలో ఈ తేడా కాపరికి ప్రాణసంకటం. అటవీ శాఖ పరిహారం వన్యమృగం చంపితేనే వస్తుంది. కుక్కలు చంపితే బీమా ఒక్కటే దిక్కు. దానికీ చెవికి ట్యాగు ఉండాలి, పశువుల డాక్టరు పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. చచ్చిన జీవాలను పూడ్చేశాక గుర్తుకొస్తే చేసేదేమీ లేదు. 2017లో తెలంగాణలో మొదలైన సబ్సిడీ గొర్రెల పథకంలో యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అంటే ఒక్క రాత్రిలో సగం యూనిట్ పోయినట్టే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి కాబట్టి ఈ దెబ్బ మన పల్లెలకే గట్టిగా తగులుతుంది.

అదే పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు 2012లో 1.71 కోట్లుంటే, 2019 నాటికి 1.53 కోట్లకు తగ్గాయి. మొత్తం తగ్గినా, అవి ఎక్కడ పోగవుతున్నాయన్నది వేరే లెక్క.

ఊరకుక్కకు ఒకప్పుడు సొంత ఇల్లు లేకపోయినా సొంత వాడ ఉండేది. మిగిలిన సంగటో గంజో పోస్తే తాగి, రాత్రి కొత్త మనిషి వస్తే మొరిగేది. దొరికే తిండిని బట్టే వాటి సంఖ్య ఉండేది. ఆ తిండి లెక్క 1990ల నుంచి మారింది. పశువులకు నొప్పి మందుగా వాడిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను దెబ్బతీసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికే రాబందులు దాదాపు కనుమరుగయ్యాయి. ఊరవతల పారేసిన గొడ్డు కుక్కల పాలైంది. తర్వాత చికెన్ షాపులు పెరిగాయి. బస్తాల్లో కట్టి చెరువు కట్ట కింద, డంపింగ్ యార్డు పక్కన పారేసే పేగులు, తలకాయలు గుంపులు గుంపులను సాకుతాయి. వ్యర్థాలు రెండు రోజులు రాకపోతే ఆ గుంపు చూపు మంద మీద పడుతుంది.

ఇలా సిద్ధంగా ఉన్న చోటికే పట్నం కుక్కలు వచ్చి చేరుతున్నాయి. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనతో పగ్ కుక్కకు గిరాకీ పెరిగింది. తర్వాత లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు వచ్చాయి. ఫామ్‌హౌస్ కాపలాకని పిల్లను కొంటారు, స్థలం అమ్మేశాక గేటు బయట వదిలేస్తారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల బ్రీడర్లు రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. ఆన్‌లైన్ బేరాల్లో వీటిని అడిగే వారేరీ? 2020 మార్చిలో పెంపుడు జంతువుల వల్ల కరోనా వస్తుందన్న పుకారుకు భయపడి కొందరు కుక్కలను వదిలేశారు.

వదిలేసిన వాడికి పడే శిక్ష చూస్తే కడుపు మండుతుంది. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్ళు దాటినా అదే రేటు. మరోవైపు 2001 నిబంధనలతో వీధి కుక్కలను చంపడం ఆపి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలన్నారు. 2023 నిబంధనలూ అదే చెప్పాయి. ఆ నియమం సరైనదే. ఆపరేషన్ అయిన కుక్క తన వాడలోనే ఉంటే కొత్త కుక్కను రానివ్వదు. కానీ పట్నంలో గొడవైనప్పుడల్లా రాత్రిపూట వ్యాన్లలో తెచ్చి మా ఊరవతల దించుతున్నారని శివారు పల్లెలు మొరపెట్టుకుంటాయి. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలొద్దంది. వాటిని షెల్టర్లలో పెట్టాలి. షెల్టర్లు కట్టకపోతే అవి ఏ ఊరి పొలిమేరకు చేరతాయో ఊహించడం కష్టం కాదు.

కొత్తగా వదిలేసిన కుక్కను గుర్తుపట్టడం తేలికే. మెడ చుట్టూ బెల్టు ఒరుసుకున్న గీత ఉంటుంది, బొచ్చు ఉండలు కట్టి ఉంటుంది, ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవికి పెట్టే కోత ఉండదు. దించిన చోటే కూర్చుని ప్రతి కారు వెంటా పరుగెడుతుంది. తిండి వెతుక్కోవడం తెలియదు. చాలావరకు పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులతోనో బండి కింద పడో చస్తాయి. బతికి గుంపులో కలిసినవాటిలో ఆపరేషన్ కాని ఆడది ఒక్కటున్నా, 63 రోజుల గర్భంతో ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఆపరేషన్లకు పంచాయతీ పెట్టిన ఖర్చంతా వృథా.

అందుకే కనబడిన రోజే ఫోటో తీయాలి, సీసీ కెమెరాలో బండి నంబరు వెతకాలి, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. యజమాని ఎవరో చెప్పే మైక్రోచిప్ చర్మం కింద ఉందేమో పశువుల డాక్టరుకు చూపించి, టీకా వేయించాలి. మనిషిని కరిస్తే పుండును సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి పీహెచ్‌సీకి తీసుకెళ్ళాలి. పసుపు, కారం పెట్టొద్దు. కండకు వేసే రేబిస్ టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలో వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు, పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా పడాలి. కరిచిన కుక్కను చంపకుండా పది రోజులు కట్టి చూడాలి. కాటు పడి బతికిన గొర్రెలకూ 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు వేయించాలి. చాలామంది రెండు వేయించి ఆపేస్తారు, ప్రమాదం అక్కడే. చేలో మంద పెట్టేటప్పుడు వల నడుము ఎత్తే ఉంటే కుక్క దూకుతుంది, అంచు వదులుగా ఉంటే కిందనుంచి తవ్వి దూరుతుంది. ఐదారు అడుగుల వల కట్టి, అడుగు భాగం జానెడు మట్టిలో పూడ్చి పైన రాళ్ళు పేర్చాలి. చికెన్ వ్యర్థాలను షాపుల వాళ్ళే గోతిలో సున్నం చల్లి పూడ్చేలా పంచాయతీ తీర్మానం చేయాలి.