ఆర్వో ప్లాంటు పెట్టేస్తే చాలా? ఊరి మంచినీళ్ళు, సేవా క్లబ్బులు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ళ మొదట్లో ఒక చిన్న షెడ్డు కనిపిస్తుంది. దాని మీద రోటరీ చక్రమో, లయన్స్ సింహమో ఉంటుంది. కొన్నిటి ముందు పొద్దున్నే టిన్నులతో జనం ఉంటారు. కొన్నిటికి తాళం వేసి ఉంటుంది, ఆ తాళానికి తుప్పు కూడా పట్టి ఉంటుంది. మా క్లబ్బులో నీటి ప్రాజెక్టులు చూసేది నేనే కాబట్టి ఎక్కువ ఫోన్లు ఈ రెండో రకం షెడ్ల గురించే వస్తాయి. మెషిన్ చెడిపోయి మూతపడినవి తక్కువే. డబ్బు పెట్టేవాళ్ళూ, నీళ్ళు తాగేవాళ్ళూ మొదట్లో నమ్మినవి కొన్ని తప్పు కావడం వల్లే చాలావాటికి ఆ గతి పట్టింది.

అపోహ: మంచినీళ్ళంటే ఆర్వో ప్లాంటే

క్లబ్బుకొచ్చే అర్జీల్లో ఎక్కువ శాతం ఒకే వాక్యం: "మా ఊరికి ఆర్వో ప్లాంటు మంజూరు చేయగలరు." నీటి పరీక్ష రిపోర్టు మాత్రం జత చేసి ఉండదు.

ఆర్వో (రివర్స్ ఆస్మోసిస్, అంటే సన్నటి పొర గుండా నీళ్ళను ఒత్తిడితో తోసి వడకట్టే పద్ధతి) ముఖ్యంగా నీళ్ళలో కరిగిపోయినవాటిని తీయడానికి: ఉప్పులు, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి. అవి హద్దులోనే ఉన్న ఊళ్ళో ఆర్వో పెట్టడం దండగ. ఆ హద్దులు మనం ఊహించుకునేవి కావు, తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500లో ఉన్నాయి. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేని చోట 2000 దాకా సర్దుకోవచ్చు. ఫ్లోరైడ్ 1, గత్యంతరం లేకపోతే 1.5. నైట్రేట్ 45, దానికి మాత్రం సడలింపు లేదు. పూసపాటిరేగ, గార, సంతబొమ్మాళి లాంటి తీర మండలాల్లో బోరు ఉప్పగా తగిలితే ఆర్వో గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. అక్కడైనా రెండు వీధుల అవతల ఉన్న పాత నుయ్యి చప్పగా ఉందేమో ముందు చూడాలి. బోరు కంటే ఆ నుయ్యి బాగుచేయడం చాలా సార్లు చవక.

కొండ మీది ఊళ్ళ సంగతి పూర్తిగా వేరు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సీతంపేట వైపు సవర, జాతాపు గూడేల్లో ఉప్పు బాధ కంటే దూరం బాధ, వానాకాలం బురద బాధ ఎక్కువ. పైన ఊట ఉంటుంది, ఊరు కింద ఉంటుంది. ఊట చుట్టూ రాతికట్టు కట్టి, పశువులు దిగకుండా మూత వేసి, ఇసుక ఫిల్టరు మీదుగా పైపు వేసి ఊళ్ళో కుళాయిలకు దించితే నీళ్ళు వాటంతట అవే వస్తాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. కావలసిందల్లా ఫిల్టరు పైపొర ఇసుకను అప్పుడప్పుడు గీకి కడగడం, గెడ్డ (కొండవాగు) పొంగినప్పుడు పైపు కొట్టుకుపోతే మళ్ళీ కలపడం. ఫోటోకి అంత బాగుండదన్నది ఒక్కటే లోటు. దాతకి స్టీలు ట్యాంకులు, మెరిసే ప్రెషర్ గేజీలు చూపిస్తే కలిగే సంతోషం, కొండ మీద రాతికట్టు చూపిస్తే కలగదు.

ఇంకొక మాట. పల్లెల్లో పెట్టే ఆర్వో ప్లాంటు, మామూలుగా, బోరు నుంచి తీసుకున్న నీళ్ళలో సగమో అంతకంటే ఎక్కువో బయటికి వదిలేస్తుంది. ఆ వదిలేసిన నీళ్ళలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. దాన్ని షెడ్డు వెనకే ఇంకుడుగుంతలో పోస్తే అదే బోరులోకి దిగుతుంది. వేరే తొట్టెలోకి పట్టి గిన్నెలు తోమడానికో, మరుగుదొడ్లకో వాడుకునే ఏర్పాటు ప్లాను గీసే రోజే ఉండాలి.

అపోహ: మీటరులో నలభై చూపించింది, ఇక ఢోకా లేదు

పెన్ను లాంటి టీడీఎస్ మీటరు ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఒకరి జేబులో ఉంటోంది. గ్లాసులో ముంచగానే అంకె వస్తుంది. అది నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందో కొలిచి ఉప్పుల లెక్క చెబుతుంది, అంతే. సూక్ష్మక్రిముల ఊసు దానికి తెలియదు. అంకె నలభై ఉన్న నీళ్ళతో కూడా విరేచనాలు పట్టుకోవచ్చు.

అనుమానం ఉంటే నేను వాడేది హెచ్‌టూఎస్ సీసా, అంటే మలక్రిములుంటే నల్లబడే మందు వేసిన సీసా. నీళ్ళు గీత దాకా పోసి, మూత పెట్టి, ఇంట్లో ఒక మూల వదిలేస్తే చాలు. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. తమాషా ఏమిటంటే, ప్లాంటు కుళాయి దగ్గర పట్టిన సీసా నల్లబడకుండానే ఉండి, అవే నీళ్ళు ఇంట్లో టిన్నులోంచి పోసిన సీసా నల్లబడటం మామూలుగా జరిగేదే. టిన్ను మూత తీసి లోపల వేలు పెట్టి రుద్దండి. జారుడుగా, పచ్చగా పాకుడు తగులుతుంది. సైకిల్ మీద తెచ్చేటప్పుడు తొణక్కుండా మూత కింద గుడ్డ కుక్కుతారు, ఆ గుడ్డని ఎవరూ ఉతకరు. దాని మీద గ్లాసు ముంచే చెయ్యి ఒకటి. ఆర్వో నీళ్ళలో క్లోరిన్ మిగలదు కాబట్టి టిన్నులో చేరిన క్రిమిని ఆపేది ఏమీ ఉండదు. అందుకే మేము ప్లాంటు పక్కనే టిన్నులు కడగడానికి ఒక గట్టు, పొడుగు బ్రష్షు పెట్టిస్తాం. ప్రాజెక్టు మొత్తంలో చవకైన వస్తువు ఆ బ్రష్షే. దానివల్ల కలిగే మేలు మాత్రం చిన్నది కాదు.

అపోహ: బ్లీచింగ్ వాసన వస్తే ఆ నీళ్ళు చెడ్డవి

"మందు కంపు కొడతంది బాబూ, ఏటి తాగుతాం?" అని ముసలమ్మలు ముఖం మీదే అడుగుతారు. ఆ వాసన కొంచెం ఉండడమే మంచిది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతోంది. పదివేల లీటర్ల ట్యాంకుకు తాజా బ్లీచింగ్ పౌడరు పాతిక గ్రాములు సరిపోతుంది. ముందు బకెట్టులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వదలాలి. వాసన గుప్పున కొడుతోందంటే చాలా చోట్ల కారణం మోతాదు తెలియక డబ్బాతో ఎత్తి పోయడమే. మూతి తెరిచిన బస్తాలో నెలల తరబడి ఉన్న పౌడరులో బలం పోతుంది, అప్పుడు ఎంత పోసినా వృథా.

కాచిన నీళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు పోవు. నీరు ఆవిరైన కొద్దీ కాస్త చిక్కబడతాయి కూడా.

అపోహ: దాతలు పెట్టారు కదా, నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి

గొడవలన్నీ ఇక్కడే. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు 2 రూపాయలన్నారు. అప్పటి నుంచి జనం మనసులో ఆ అంకె ఉండిపోయింది. ఐదు రూపాయలంటే "దోపిడీ" అంటారు. సరే, లెక్క వేద్దాం.

రెండు వందల గడపల ఊరు అనుకోండి. వంద ఇళ్ళు రోజుకో టిన్ను పట్టుకుంటాయి. టిన్ను 5 రూపాయలైతే నెలకు 15,000 వస్తుంది. పొద్దున, సాయంత్రం కూర్చునే ఆపరేటరుకు 7,000. కరెంటుకు 2,000. కార్ట్రిడ్జ్‌లు (మురికిని ముందే ఆపే ఫిల్టర్లు), యాంటీస్కేలెంట్ (ఆర్వో పొర మీద పెచ్చు కట్టకుండా వేసే మందు), చిల్లర రిపేర్లు మరో 2,000. మిగిలింది 4,000. ఏడాదికి 48,000. రెండు మూడేళ్ళకు మెంబ్రేన్లు (ఆ ఆర్వో పొరలు) మార్చాలి, మధ్యలో హైప్రెషర్ పంపు ఒకసారైనా మొరాయిస్తుంది. ఆ 48,000 అందుకే. ఇప్పుడు టిన్ను 2 రూపాయలు చేయండి. వచ్చేది 6,000. ఆపరేటరు జీతానికే వెయ్యి తక్కువ. ఉచితం సంగతి ఇక చెప్పక్కర్లేదు, మొదటి మెంబ్రేన్ పోయిన రోజే షెడ్డుకు తాళం.

కట్టుకోలేని ఇళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటాయి. వాళ్ళ పేర్లు ఊరి కమిటీ నిర్ణయించి ఆ టిన్నులు ఉచితంగా ఇవ్వొచ్చు, పై లెక్కలో దానికి చోటుంది. చోటు లేనిది సర్పంచ్ గారి చుట్టాలకు, కమిటీ సభ్యుల పెళ్ళిళ్ళకు ఊరికే ఇచ్చే టిన్నులకు. డబ్బు ఎవరి జేబులో ఉంటుందన్నది కూడా ముఖ్యమే. మహిళా సంఘం పేరున బ్యాంకు ఖాతా, గోడకు వేలాడే రిజిస్టరు, అందులో రోజూ టిన్నుల లెక్క, గేజీల అంకెలు ఉంటే ప్లాంటు బతుకుతుంది. కార్ట్రిడ్జ్‌కు ముందూ వెనకా ఉన్న గేజీల మధ్య తేడా పెరుగుతోందని, అంటే అది మూసుకుపోతోందని రాసుకునే ఆపరేటరు దొరికితే నా టెన్షన్ సగం పోయినట్టే.

అపోహ: క్లబ్బుల దగ్గర ఫారిన్ డబ్బు మూలుగుతోంది

రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంటు అన్న మాట విని చాలామంది అలా అనుకుంటారు. దాని నిబంధనలు చదివితే ఆ భ్రమ పోతుంది. ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, అంటే ఒక్క ఊరి చిన్న ప్లాంటు దానికి సరిపోదు. వేరే దేశంలో ఒక క్లబ్బో, రోటరీ డిస్ట్రిక్టో (కొన్ని క్లబ్బుల సమూహం) భాగస్వామిగా ఒప్పుకోవాలి. ఊళ్ళో అవసరం ఏమిటో సర్వే చేసి చూపించాలి. డబ్బు అయిపోయాక పథకం ఎలా నడుస్తుందో ముందే రాసివ్వాలి. ఖర్చుల కాగితాలు కనీసం ఐదేళ్ళు దాచాలి. మిగతా పనులకు వచ్చేది సభ్యుల చందాలు, ఊరి నుంచి వెళ్ళి హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డవాళ్ళు అమ్మానాన్నల పేరున ఇచ్చేది, ఏదైనా కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధి. అంతే.

మా వైపు తప్పు కూడా ఒకటుంది, దాచడం ఎందుకు? క్లబ్బుల సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఏటా ప్రెసిడెంటు మారతారు. దిగిపోయేలోపు తన పేరు శిలాఫలకం మీద చూసుకోవాలనుకోవడం మానవ సహజం. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో హడావుడి. నడివేసవిలో బోరు వేసి, ఒక్క పరీక్ష చేయించి, జూన్‌లో రిబ్బన్ కత్తిరిస్తారు. వేసవి నీళ్ళలో ఉప్పు ఎక్కువగా కనిపిస్తుంది, వానలు పడ్డాక క్రిములు కనిపిస్తాయి. రెండు కాలాల్లోనూ పరీక్ష చేస్తేనే ఆ నీటి అసలు గుణం తెలిసేది. రెండు పరీక్షలకీ ఒక ప్రెసిడెంటు పదవీకాలం చాలకపోవచ్చు.

అపోహ: ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఆర్వో నీళ్ళే మందు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు దాతలు ఈ మాట మీదే ముందుకొస్తారు. అక్కడి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని ఒక్కదాన్ని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నీళ్ళ మీద, ఎండలో శ్రమ మీద, మందుల వాడకం మీద పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి. మంచినీళ్ళు ఇవ్వడం ఎలాగూ మంచిదే. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో ఉద్దానానికి తెచ్చే సుజలధార పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది కూడా. కానీ "ఈ నీళ్ళు తాగితే జబ్బు రాదు" అని ప్లాంటు గోడ మీద రాయడం మాత్రం అన్యాయం. అది నమ్మి రక్తపరీక్ష మానేసేవాళ్ళుంటారు. దాత ఎంత బతిమాలినా ఆ బోర్డు మేము పెట్టం.

ఆ ప్రాంతం గురించే ఇంకొకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆర్వో ఉన్న ఊరూ లేని ఊరూ ఒకటే అయిపోయాయి, చేతిపంపు ఉన్న ఊళ్ళో మాత్రం బిందె నిండింది. అందుకే ప్లాంటు వచ్చిందని పాత బోరింగు పీకేస్తామంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఇంటింటికీ కుళాయి వచ్చేస్తోంది, ఇక క్లబ్బులకు పనిలేదు

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ పని ప్రభుత్వం చేయాల్సిందే, క్లబ్బు స్థాయికి మించింది. కుళాయి వచ్చాక కూడా బడి ట్యాంకు కడిగేవాళ్ళు కావాలి, క్లోరిన్ చూసే కిట్టు కావాలి, ఆ కిట్టు వాడటం వచ్చిన మనుషులు కావాలి. ఇవన్నీ చిన్న బడ్జెట్‌లో అయ్యే పనులు.

మీ ఊరి కోసం ఏ క్లబ్బు గుమ్మం తొక్కినా పంచాయతీ తీర్మానం, స్థలం కాగితం, వేసవిలో ఒకటి, వానల తర్వాత ఒకటి నీటి పరీక్ష రిపోర్టులు పట్టుకెళ్ళండి. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో పరీక్ష చేయించాలంటే ఎలా పట్టాలో, ఏ సీసా వాడాలో ముందే అడిగి తెలుసుకోండి. క్రిముల పరీక్షకు శుద్ధిచేసిన సీసా కావాలి. ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్‌లో పట్టుకెళ్తే వెనక్కి పంపేస్తారు.