తొడిమలు తీస్తే చెయ్యి తిరిగొస్తుందా?

మా పెద్దమ్మది పరకాల దగ్గర పల్లె. పోయిన ఏడు మిరప ఏరే రోజుల్లో, తెల్లారి వాకిలి ఊడుస్తుంటే చేతిలో చీపురు జారింది. తీసుకుందామని వంగితే వేళ్లు ముడుచుకోలేదు. చూస్తుండగానే మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. పక్కింటివాళ్లు ఉరికొచ్చి "అయ్యో, కాలు చెయ్యి పడిపోయినయ్" అన్నారు.

పక్షవాతం వస్తే మనందరం అనేది ఆ మాటే. కానీ పెద్దమ్మ చేతికి ఏమీ కాలేదు. కండ, ఎముక, కీలు అన్నీ ముందురోజు ఎట్లా ఉన్నాయో అట్లానే ఉన్నాయి. దెబ్బ తగిలింది తలలో, అదీ ఎడమ వైపు. కదలమని చెప్పే నరాల్లో ఎక్కువ భాగం మెదడు మెడలోకి దిగే చోట ఒక పక్క నుంచి రెండో పక్కకు దాటుతాయి. అందుకే ఎడమ మెదడుకు నెత్తురు ఆగితే కుడి చెయ్యి ఆగుతుంది. ఈ సంగతి అర్థం కాకపోతే ఆ తర్వాత చేసే సేవంతా చేతికే చేస్తాం, మెదడును వదిలేస్తాం. మేమూ నెల రోజులు అదే చేశాం.

పక్షవాతంలో ఎక్కువ భాగం మెదడులోని రక్తనాళానికి నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చేదే. గడ్డను కరిగించే సూది ఉంది, కానీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే వేయాలి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. మా ఇంట్లో పసరు మందుకు పోదామా, పావురం రక్తం రుద్దిద్దామా అన్న మాటల్లోనే పొద్దెక్కింది. వరంగల్ చేరేసరికి సూది టైం దాటిపోయింది. ఆ పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో కలుక్కుమంటుంది.

పసరు మందుకు అంత పేరెందుకు వచ్చిందో తర్వాత తెలిసింది. మొదటి కొన్ని వారాల్లో మెదడు వాపు తగ్గుతుంది. దెబ్బ చుట్టూ మూగబోయిన కణాలు కొన్ని తేరుకుంటాయి. కొంత కదలిక దానంతటదే వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లో ఏ మందు రాస్తే ఆ మందుకు పేరొస్తుంది.

అలాగని మొదటి రోజే లేపి నడిపించాలన్న తొందర కూడా మంచిది కాదు. 2015లో వెలువడిన అవర్ట్ అనే పెద్ద పరిశోధనలో 2,104 మంది రోగులను చూశారు. 24 గంటల లోపే మాటిమాటికీ మంచం దింపి గట్టిగా కసరత్తు చేయించిన వాళ్లు, మామూలు పద్ధతిలో చేసిన వాళ్లకన్నా మూడు నెలలకు కొంచెం వెనకబడే ఉన్నారు. ఎప్పుడు లేపాలో డాక్టరే చెప్పాలి.

ఇంటికి తెచ్చాక రోజూ నువ్వుల నూనెతో మర్దన చేశాం. చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమన్నాం. చంకలో చెయ్యేసి లేపాం. హనుమకొండ నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు, చిన్న వయసు అబ్బాయి, మొదటి రోజు బంతి తీసి పక్కన పెట్టాడు. "అమ్మకు ముడవడం కాదు, తెరవడం రావాలె" అన్నాడు. పక్షవాతం వచ్చిన కొత్తలో చెయ్యి వేలాడుతుంది. పోను పోను పిడికిలి బిగుసుకుంటుంది. మెదడు నుంచి వచ్చే అదుపు పోవడంతో కండరం తనకు తానే బిగిసిపోతుంది. ముడిచే కండరాలు అసలే బలమైనవి. వాటినే నొక్కించడం కన్నా వేళ్లు విప్పడం నేర్పడం ముఖ్యమని ఆ అబ్బాయి మాట.

భుజం సంగతి ఇంకా పెద్దది. భుజం కీలులో ఎముకను పట్టి ఉంచేది ఎక్కువగా చుట్టూ ఉన్న కండరాలే. అవి నీరసపడ్డప్పుడు రెక్క పట్టుకుని లాగితే కీలు కిందికి జారుతుంది. తర్వాత ఆ నొప్పికి భయపడి మనిషి చెయ్యి కదపడమే మానేస్తుంది. పడుకున్నా కూర్చున్నా చేతి కింద మెత్త ఉండాలి, లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోవాలి. ఈ రెండు ముక్కలు ఆస్పత్రిలో ఎవరైనా గట్టిగా చెప్పి పంపి ఉంటే పెద్దమ్మకు చాలా నొప్పి తప్పేది.

చచ్చిన కణాలు తిరిగి రావు. మరి కదలిక ఎక్కడి నుంచి వస్తుంది? 1996లో అమెరికాలో రాండాల్ఫ్ న్యూడో బృందం చిన్న జాతి కోతులపై చేసిన ప్రయోగం దీనికి జవాబు చూపింది. వేళ్లను నడిపే మెదడు భాగంలో కొంచెం మేర దెబ్బతీశారు. కొన్ని కోతులను ఊరికే వదిలేస్తే, దెబ్బ తగలని పక్క భాగం కూడా వేళ్ల పని మరిచిపోయి కుంచించుకుపోయింది. మిగతా కోతులతో చిన్న చిన్న గుంటల్లోంచి తిండి గుళికలు వేళ్లతో తీయించారు. వాటిలో ఆ భాగం నిలబడింది. కొన్నింట్లో అయితే మోచెయ్యి, భుజం చూసుకునే చోటును కూడా వేళ్లు ఆక్రమించాయి.

ఆ కోతులు రోజుకు వందల సార్లు గుళికలు తీశాయి. మనుషుల ఫిజియోథెరపీలో ఎన్నిసార్లు చేయిస్తున్నారో అమెరికా, కెనడాల్లో లెక్కపెడితే, చేతితో పని చేయించిన సెషన్లలో సగటున 32 సార్లే వచ్చింది. 2009 నాటి లెక్క ఇది. అక్కడే అట్లా ఉంటే, వారానికి రెండుసార్లు ఫిజియో రావడమే గగనమైన మా ఊళ్లో ఎంత? మిగతా వందలు ఇంట్లోనే పూర్తి కావాలి.

అందుకే ఆ అబ్బాయి ఇల్లంతా చూసి, మూలకున్న ఎండు మిరప సంచి విప్పించాడు. పెద్దమ్మ చేతులకు నలభై ఏళ్లుగా తెలిసిన పని అది. తొడిమను బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టాలి, గిల్లాలి, వేళ్లు విప్పి వదలాలి, చెయ్యి చాచి ఇంకో కాయ అందుకోవాలి. మొదట్లో కాయ పట్టుకోవడానికే నిమిషం పట్టేది. పట్టిన కాయ వదలడం ఇంకా కష్టం, ఎడమ చేత్తో లాక్కునేది. "నా చెయ్యి నా మాట ఇంటలేదు బిడ్డా" అని ఏడ్చేది. మొదటి రోజు తొమ్మిది కాయలు. నేను సుద్దముక్కతో గోడ మీద గీతలు గీశాను.

ఎడమ చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. చెడిన చెయ్యి రెండుసార్లు ఓడిపోతే మంచి చెయ్యి పని లాక్కుంటుంది, అదే అలవాటవుతుంది. వాడకపోవడాన్ని మెదడు నేర్చుకుంటుందని చెప్పింది ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త. ఆయన ఆలోచన మీదే మంచి చేతిని కట్టేసే చికిత్స వచ్చింది. 2006లో 222 మందిపై జరిగిన ఎక్సైట్ పరిశోధనలో పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్లకు రెండు వారాల పాటు, మేలుకున్నంతసేపూ దాదాపుగా మంచి చేతికి తొడుగు వేసి ఉంచారు. వచ్చిన లాభం ఏడాది తర్వాత కూడా నిలిచింది. ఇది అందరికీ కుదరదు, మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేవాలి. పెద్దమ్మ వేళ్లు లేవడం మొదలయ్యాక రోజూ రెండు గంటలు ఎడమ చేతికి తువ్వాల చుట్టాం. "అమ్మా, ఆ చెయ్యి ఎనక్కు పెట్టుకోవాలె" అని ఆ అబ్బాయి బతిమాలేవాడు.

అన్నం తినిపించడం మేం మానడమే అన్నిటికన్నా కష్టమైంది. ముద్ద జారిపోతుంటే చూస్తూ కూర్చోలేం. కానీ ప్రేమతో మనం పెట్టిన ప్రతి ముద్దా ఆ చేతికి దక్కాల్సిన ఒక అభ్యాసం.

మామూలు చికిత్సకు తోడు ఇంట్లోవాళ్లకే కసరత్తులు నేర్పితే మేలు జరుగుతుందా అని మన దేశంలోనే అడిగి చూశారు. 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో చేసిన అటెండ్ పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఆరు నెలలకు మామూలు చికిత్స ఒక్కటే అందిన వాళ్లకన్నా తేడా కనిపించలేదు. నేను చూసినంతలో, మేం లెక్కపెట్టగలిగాం గానీ ఏ పని ఎప్పుడు కష్టం చేయాలో మాకు తెలియలేదు. అది తెలిసిన మనిషి మండలానికి ఒక్కరైనా ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగం తర్వాత ఉండదు, అయినా ఆగిపోదు. నాలుగో నెలలో పెద్దమ్మ గీతలు వంద దాటాయి. బీపీ గోలీలు ఒక్క పూట కూడా మానలేదు, రెండోసారి రాకుండా కాపాడేవాటిలో అవి ముఖ్యం కదా.

చాలామందిలాగే పెద్దమ్మకూ కదలికతో పాటు స్పర్శ కూడా పోయింది. కళ్లు మూసుకుంటే కుడి చేతిలో కాయ ఉందో లేదో తెలిసేది కాదు. చూపు పక్కకు పోతే కాయ జారేది. ఒకరోజు దీపాలు పెట్టే వేళ, సంచి ముందు కూర్చున్నది ఉన్నట్టుండి వేళ్లు దులుపుకుంది. "చెయ్యి మండుతుంది బిడ్డా" అంది. ఏ చెయ్యి అని అడిగాను. కుడి చెయ్యి నా ముందుకు చాపింది.