ఎనుముకు పూసే మందు గుర్రానికి పూయొద్దు: ఈగకాట్ల మీద అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కు ఒకే రకం ఫొటోలు వస్తాయి. ఆడగుర్రానికి పొదుగు పక్కన, మగగుర్రానికి షీత్ (మర్మాంగాన్ని కప్పి ఉండే తోలు సంచి) మీద, బొడ్డు చుట్టూ, తొడల సందులో ఈగలు కుట్టి ఎర్రగా రేగిన చర్మం. కింద "డాక్టర్ గారూ, ఏం పూయాలి?" అని ఉంటే ఊపిరి పీల్చుకుంటాను. "ఇది పూశాం సార్" అని ఉంటేనే నాకు టెన్షన్.

అపోహ: పశువుకు పడే మందు గుర్రానికీ పడుతుంది.

పడదు. ఈ పోస్టులో ఇదొక్కటి గుర్తుంచుకుని మిగతాదంతా మర్చిపోయినా నాకు చాలు.

హెసరఘట్ట, దేవనహళ్ళి వైపు లాయం పక్కనే ఆవుల కొట్టం ఉండటం మామూలే. ఆ కొట్టంలో గోమార్ల మందు సీసా ఉంటుంది. చాలా సీసాల్లో ఉండేది అమిట్రాజ్, 12.5 శాతం ద్రావణం. నీళ్లలో కలిపి ఆవులకు, ఎనుములకు పూస్తారు. వాటికి మంచి మందే. గుర్రానికి మాత్రం అది పేగుల కదలికను ఆపేస్తుంది. మేం గుర్రాన్ని మత్తులో ఉంచడానికి వాడే జైలజిన్ పనిచేసే దారిలోనే ఇదీ పనిచేస్తుంది. తల వాలిపోతుంది, నడక తూలుతుంది, పెద్దపేగులో మేత గట్టిపడి కూర్చుంటుంది. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. నీళ్లు ఎక్కువ కలిపితే ఏం కాదని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, దయచేసి నమ్మొద్దు. పొదుగు దగ్గర చర్మం పలచన. గోక్కుని పుండు పడితే మందు ఇంకా తొందరగా లోపలికి దిగుతుంది.

ఒక అక్టోబరులో ఇలాంటి లాయానికే వెళ్లాను. తొమ్మిదేళ్ల ఆడగుర్రం, తల మోకాళ్ల దాకా దించి నిలబడింది. ముందురోజు సాయంత్రం నుంచి లద్దె వేయలేదు. కుడి డొక్క మీద స్టెతస్కోప్ పెట్టాను. మామూలుగా అక్కడ నిమిషానికో రెండు నిమిషాలకో నీళ్లు దొర్లినట్టు పెద్ద చప్పుడు రావాలి. ఐదు నిమిషాలు విన్నాను, ఏమీ లేదు. పొదుగు దగ్గర వెంట్రుకలు అట్టకట్టి ఉన్నాయి, మందు వాసన కొడుతోంది. సైసుది (గుర్రాన్ని చూసుకునే మనిషిది) హిందూపురం వైపు. చేతులు నలుపుకుంటూ, "ఎనుముకు పూసేదే కదా సారూ, మా ఊర్లో ఎప్పట్నుంచో పూస్తాండాం" అన్నాడు. అతన్ని తిట్టబుద్ధి కాలేదు. గుర్రం రాత్రంతా గోడకు రాసుకుంటుంటే చూడలేక చేసిన పని అది. మూడు రోజులు ముక్కులోంచి గొట్టం, నరానికి సెలైన్. మూడో రోజు తెల్లవారుజామున నాలుగే నాలుగు లద్దె ఉండలు పడ్డాయి, ఎండిపోయి, పైన జిగురు పొరతో. సైసు వాటిని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించడానికి పరిగెత్తుకొచ్చాడు.

పొరపాటున పూసేశారా? గ్లవ్స్ వేసుకుని మెత్తటి సబ్బుతో, ధారాళంగా నీళ్లతో వెంటనే కడిగేయండి. డాక్టర్‌ను పిలవండి. విరేచనం అవుతుందని నోట్లో నూనె మాత్రం పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో చావు. కిరోసిన్, ఫినాయిల్, ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటూ మానేయండి. అవి ఈగల్ని కాదు, చర్మాన్ని కాలుస్తాయి. చిక్కటి వేపనూనె కూడా కొన్ని గుర్రాలకు మంట పుట్టిస్తుంది.

మరి ఏం పూయాలి? ముందు చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ పది నిమిషాలు ఆనించండి. రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలచగా. చర్మం పగలకపోతే బొడ్డు దగ్గర, చెవుల లోపలి అంచున వాజెలిన్ చాలు, ఈగ నోరు చర్మానికి తగలదు. పాలిచ్చే గుర్రమైతే చన్నుల మీద ఏమీ పూయొద్దు, అదంతా పిల్ల నోట్లోకే పోతుంది.

అపోహ: రోజూ సబ్బుతో షీత్ కడిగితే ఈగలు రావు. కడిగిన కొద్దీ చర్మం ఎండి ఇంకా పగులుతుంది. ఉత్త నీళ్లు చాలు, అదీ రోజూ అక్కర్లేదు.

అపోహ: ఈ దురద పక్క గుర్రానికి అంటుకుంటుంది. నుసుముల (దోమలాంటి చిన్న కుట్టే పురుగుల) లాలాజలం పడక వచ్చే అలర్జీ ఇది, అంటదు. ఒకే లాయంలో పది గుర్రాలుంటే ఒకదానికే రావచ్చు. నుసుము 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది, మామూలు దోమతెరలోంచి దూరిపోతుంది. కానీ గాలికి ఎగరలేదు. పొద్దుగూకే ముందే గుర్రాన్ని లోపల కట్టి, తెల్లవారేదాకా పెద్ద ఫ్యాన్ వేయండి. మందులన్నిటికంటే ఫ్యానే ఎక్కువ మేలు చేయడం నేను చూశాను. తడిసిన గడ్డి పరుపు, లద్దె రోజూ తీసి దూరంగా పోయండి. కుట్టే ఈగ పుట్టేది వాటిలోనే, రెండు మూడు వారాల్లో కొత్త తరం రెక్కలు కట్టుకుని వస్తుంది.

అపోహ: వెల్లుల్లి పెడితే ఈగలు వాలవు. ఎక్కువైతే రక్తహీనత వస్తుంది. పెట్టొద్దు.

ఇంకొకటి. షీత్ వాచిన ప్రతిసారీ ఈగకాటే అనుకోవద్దు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే, కాళ్లు కూడా వాచి ఉంటే, జ్వరం వచ్చి పోతూ బక్కచిక్కుతుంటే అది సర్రా కావచ్చు. జోరీగలు ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి మోసుకొచ్చే రోగం అది. రక్తపరీక్ష చేయించకుండా వారాల తరబడి క్రీములు పూస్తూ కూర్చున్న వాళ్లను చూశాను, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మానని పుండు నుంచి గట్టి పసుపు పలుకులు రాలుతున్నా ఆలస్యం చేయొద్దు. ఈగలు పుండులో వదిలిన పురుగుల పని అది, పూతతో పోదు.

ఫోన్ చేసే ముందు థర్మామీటర్ పెట్టి చూడండి. 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ మాటే ముందు చెప్పండి. ఏదైనా పూసి ఉంటే సీసా లేబుల్ ఫొటో పంపండి. రాత్రి పదకొండయినా ఫర్వాలేదు.