బాలింత డిప్రెషన్: మందు వేసుకుంటే పాలు మాన్పించాలా?

బెంగళూరులో బాలింతలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు నుంచి తెలుగువాళ్ళు చాలామంది వస్తారు. ఎవరింట్లో చూసినా ఒకటే మాట. చెప్పి చెప్పి విసుగొచ్చినా మళ్ళీ చెప్పాల్సిందే.

అపోహ: డిప్రెషన్ మందు వేసుకుంటే బిడ్డకు పాలు మాన్పించాలి.

అక్కర్లేదు. పాలిచ్చే తల్లులకు డాక్టర్లు ఎక్కువగా రాసే సెర్ట్రాలిన్ పాలల్లోకి చాలా కొద్దిగా చేరుతుంది. బిడ్డ రక్తం పరీక్షిస్తే చాలాసార్లు దాని జాడే దొరకదు. అన్ని మందులూ ఇలాంటివే అనను. లిథియం లాంటివాటికి వేరే జాగ్రత్తలున్నాయి. అందుకే పాలిస్తున్న సంగతి, బిడ్డ నెలలు నిండకుండా పుట్టుంటే ఆ సంగతీ సైకియాట్రిస్టుకు ముందే చెప్పండి. ఆపాలో, మార్చాలో వాళ్ళు చెప్పాలి గానీ పక్కింటివాళ్ళు కాదు, వాట్సాప్ మెసేజ్ అసలే కాదు.

అనంతపురం వైపు అమ్మాయి ఒకామె, రెండో నెల బాలింత, బ్యాగులోంచి మాత్రల షీటు తీసి నా టేబుల్ మీద పెట్టింది. నాలుగు మాత్రలు వాడింది, మిగతావి అలాగే ఉన్నాయి. "పాలల్లోకి దిగుతుందని అత్తమ్మ వద్దన్నారు మేడమ్. పాలు కూడా ఇవ్వకపోతే నేనేం తల్లిని?" అని ఒకటే ఏడుపు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చున్న ఆ అత్తగారికి కూడా కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడది చెడ్డతనం కాదు, మనవడికి ఏమవుతుందోనన్న భయం.

ఇద్దరికీ కలిపే చెప్పాను. ఈ మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ఆపేసి పనిచేయలేదనుకుంటే ఎలా? పైగా వైద్యం లేని డిప్రెషన్ బిడ్డనూ వదలదు. తల్లికి తిండి సయించదు, నిద్ర పట్టదు, బిడ్డతో ఊసులాడే ఓపిక ఉండదు. ఆ అమ్మాయి మళ్ళీ సైకియాట్రిస్టును కలిసి మందు మొదలుపెట్టింది. రాత్రి ఒక పూట, తల్లి ముందే పిండి ఉంచిన చనుబాలు అత్తగారు ఉగ్గుగిన్నెతో పట్టేవారు. తల్లికి నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికేది. ఈ జబ్బుకు ఆ నిద్ర కూడా వైద్యమే.

మిగతా అపోహలు క్లుప్తంగా.

"కాన్పయ్యాక అందరూ ఏడుస్తారు." చాలామంది ఏడుస్తారు, నిజమే. కానీ ఆ ఏడుపు రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోతే చూపించుకోండి.

"గాలి సోకింది." నిద్ర లేకుండా తిరగడం, పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం ఉంటే అది ఎమర్జెన్సీ. తాయెత్తుల కోసం తిరగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

"అడ్మిట్ చేస్తే బిడ్డను వేరుచేస్తారు." బెంగళూరులోని మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు ఉంది. మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరుచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది.

"మాటలతో ఏం తగ్గుతుంది?" జబ్బు తక్కువ స్థాయిలో ఉంటే చాలామందికి థెరపీ ఒక్కటే సరిపోతుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుంది." పుట్టదు. బాలింత డిప్రెషన్‌ను పసిగట్టడానికి మేం వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నల్లో చివరిది తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించే. మీరూ అడగండి. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.