చెమటపట్టే కుండ, ఆవిరిపోయే పీపా

లించ్‌బర్గ్ ఇంకా రెండు మలుపుల దూరం ఉందనగా, వెనుక సీటులో కూర్చున్న మా మనవరాలు "తాతయ్యా, ఈ చెట్లు కాలిపోయాయా?" అని అడిగింది. రోడ్డు పక్కన చెట్ల మొదళ్ళు, కొమ్మలు, చివరికి సన్నని రెమ్మలు కూడా బొగ్గు పూసినట్టు నల్లగా ఉన్నాయి. వాటి చివర ఆకులు మాత్రం నిక్షేపంగా పచ్చగా ఉన్నాయి. మంటలో పడ్డ చెట్టుకు ముందు పోయేది ఆకే కాబట్టి ఇది కాలిన నలుపు కాదని చెప్పగలిగాను కానీ, మరి ఏ నలుపో చెప్పడంలో పప్పులో కాలేశాను. అక్కడి డిస్టిలరీలో మేపుల్ కట్టెలు కాల్చి బొగ్గు చేస్తారని ముందురోజే చదివి ఉన్నందువల్ల, ఆ పొగ తాలూకు మసే చెట్లకు పట్టి ఉంటుందని, ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారి ధీమాతో బదులిచ్చాను. అసలు జవాబు ఆ మధ్యాహ్నం ఒక గోదాములో, చెక్క పీపాల మధ్య దొరికింది. దాన్ని వివరించడానికి మన ఇళ్ళలోని మట్టికుండను మించిన పరికరం నాకు కనిపించలేదు.

మేము వెళ్ళింది అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో జాక్ డేనియల్స్ విస్కీ తయారయ్యే చోటికి. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటినుంచి కారులో గంట పైచిలుకు ప్రయాణం. నేను మద్యం ముట్టను. నెల్లూరు జిల్లా వాణ్ణి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డ రోజుల్లో అదే జిల్లాలో పాఠాలు చెబుతున్నాను. అందువల్ల టికెట్టు కొనుక్కుని మరీ ఒక బట్టీని చూడబోవడం కొంత ఇబ్బందిగానే అనిపించింది. తీరా చూస్తే ఆ డిస్టిలరీ ఉన్న మూర్ కౌంటీ కూడా అక్కడి లెక్కలో ‘డ్రై’ జిల్లాయే. ప్రపంచమంతటికీ విస్కీ పంపే ఊరు మద్యం అమ్మకాలపై ఆంక్షలున్న ఊరు కావడం చూసి, వింతలు మన దగ్గరే ఉండవని సమాధానపడ్డాను.

తయారీ వరుసనంతా ఇక్కడ ఏకరువు పెట్టను. 80 పాళ్ళు మొక్కజొన్న, 12 పాళ్ళు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, 8 పాళ్ళు రై ధాన్యం. వాటిని ఉడికించి పులియబెట్టి, రాగి బట్టీలో ఆవిరిగా మార్చి చల్లబరుస్తారు. కిణ్వనం, స్వేదనం అని పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే ఇవి. పుస్తకంలో లేనిది ఊట దగ్గర ఉంది. సున్నపురాతి గుహలోంచి వచ్చే ఆ నీరు ఏడాది పొడవునా సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుందని, అందులో ఇనుము ఉండదని గైడు గర్వంగా చెబుతారు. ఇనుము లేకపోవడంలో గర్వపడేదేముందని మా అల్లుడు నవ్వాడు కానీ, శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి అది వెంటనే అర్థమవుతుంది. వారు తుప్పుపట్టిన ఇనుమును బెల్లంతో కలిపి నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రావణంలో ముంచిన కలంతో, కరక్కాయ కషాయం పట్టించిన బట్టమీద గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసిన క్షణాన గీత నల్లబడుతుంది. ఓక్ చెక్కలోనూ టానిన్లు దండిగా ఉంటాయి కాబట్టి, ఇనుమున్న నీటిని విస్కీలో కలిపి పీపాకెత్తితే లోపల తయారయ్యేది ఇంచుమించు కలంకారీ సిరాయే.

బొగ్గు సంగతీ అక్కడే చూశాం. షుగర్ మేపుల్ కట్టెలను కాల్చి, ఆ బొగ్గును చిన్న ముక్కలుగా కొట్టి, 10 అడుగుల లోతు తొట్లలో నింపి, బట్టీనుంచి వచ్చిన తెల్లటి సారాయిని దానిగుండా చుక్కచుక్కగా దిగనిస్తారు. జాక్ డేనియల్‌కు బట్టీపని నేర్పినవాడు నేథన్ ‘నియరెస్ట్’ గ్రీన్ అనే నల్లజాతి బానిస. ఆ సంగతిని సంస్థ తన 150వ వార్షికోత్సవం జరుపుకున్న 2016లో గాని గట్టిగా చెప్పుకోలేదు. ఆ తొట్లున్న గదిలోకి వెళ్ళేముందు ఫోన్లు ఆపించారు, ఎందుకంటే గాలిలో ఉన్న ఆవిరికి నిప్పురవ్వ చాలు. గైడు ఒక తొట్టి మూతను కొద్దిగా ఎత్తి దించగానే వేడి గాలి ఒకటి ముక్కును గుద్దింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుక్క తాగకుండానే విస్కీ లోపలికి వెళ్ళే మార్గం ఒకటుందని నాకు అప్పుడు తట్టింది. చెట్ల రహస్యానికి అదే మొదటి ఆధారం.

గోదాములో నేలనుంచి పైకప్పు దాకా చెక్క అరలు, అరల్లో పడుకోబెట్టిన పీపాలు. ఒక్కోదానిలో సుమారు 200 లీటర్ల ద్రవం పడుతుంది. కిటికీలున్నాయి గానీ ఏసీలు లేవు. వేసవిలో పై అంతస్తు రేకుల కొట్టంలా కాగుతుంది, కింది అంతస్తు చల్లగా ఉంటుంది. వెనిల్లా, తడిచెక్క, ముదురుపాకం కలగలిసినట్టున్న వాసన అంతటా ఆవరించి ఉంది. మూత బిగించిన పీపాలోని పదార్థం వాసన గదినిండా ఉందంటే అది బయటికి వస్తూనే ఉందని అర్థం. దీన్నే ‘దేవదూతల వాటా’ అంటారు. పేరు ముచ్చటగా ఉంది కానీ, పేరు పెట్టగానే ప్రశ్న ముగిసిపోయిందనుకోవడం మన తరగతిగదుల్లో కూడా ఉన్న జబ్బే.

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయన్నది ఏటా పరీక్షల్లో వచ్చే ప్రశ్న. "సూక్ష్మరంధ్రాల ద్వారా నీరు బయటికి వచ్చి ఆవిరవుతుంది, అందుకు కావలసిన వేడిని లోపలి నీటినుంచి తీసుకుంటుంది" అని రెండు మార్కులకు సరిపడా రాసి పిల్లలు ముగించేవారు. అదే కుండ మే నెలలో అనంతపురంలో పళ్ళు జివ్వుమనేటంత చల్లటి నీళ్ళిచ్చి, మచిలీపట్నం ఉక్కలో ఎందుకు మొండికేస్తుందని నన్ను అడిగిన పిల్లలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నీరు బయటికి పోవడమన్నది కుండ ఒక్కటే తేల్చే వ్యవహారం కాదు. కుండ గోడకు అంటుకుని ఉన్న గాలిలో అప్పటికే ఎంత నీటిఆవిరి ఉందన్నదాన్నిబట్టి నీరు పోవాలా, ఆగాలా అన్నది ఉంటుంది. అనంతపురం గాలి దాహంతో ఉంటుంది కనుక తాగేస్తుంది. మచిలీపట్నం గాలి కడుపునిండా తాగి ఉంటుంది కనుక వద్దంటుంది.

ఇప్పుడు ఆ కుండను ఓక్ చెక్కతో చేసి, అందులో నీటికి తోడు ఆల్కహాల్ కూడా పోశామనుకోండి. ద్రవం చెక్కలోకి కొంత దూరం ఇంకి, అక్కడినుంచి ఆవిరి రూపంలో విసరణ చెందుతూ బయటి ముఖానికి చేరుతుంది. నీటి అణువు చిన్నది, పైగా చెక్కలోని సెల్యులోజుకు చుట్టం, కనుక దారి దానికే సులువు; ఆల్కహాల్ అణువు దానికంటే పెద్దది. అయితే అసలు కిటుకు బయటి గాలిలో ఉంది. ఆ గాలిలో నీటిఆవిరి ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది, ఆల్కహాల్ ఆవిరి మాత్రం దాదాపు ఉండదు. అందువల్ల ఆల్కహాల్‌కు ఏ ఊరైనా అనంతపురమే: అది ఎల్లప్పుడూ పోతూనే ఉంటుంది. నీటికి మాత్రం కొన్ని ఊళ్ళు అనంతపురాలు, కొన్ని ఊళ్ళు మచిలీపట్నాలు.

దీని ఫలితాన్ని లెక్కలో చూస్తే మరింత బాగుంటుంది. జాక్ డేనియల్స్ విస్కీ పీపాలోకి 62.5 శాతం గాఢతతో వెళుతుంది. అంటే 200 లీటర్లలో 125 లీటర్లు ఆల్కహాల్, మిగతా 75 నీరు అనుకుందాం. (నిజానికి రెండూ కలిపినప్పుడు ఘనపరిమాణం కొంత కుంచించుకుపోతుంది, 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో 50 మిల్లీలీటర్ల నీరు పోస్తే 100 రాదు. ఇది ప్రయోగశాలలో చూపించగానే పిల్లలు కొలజాడీని అనుమానిస్తారు. ఇక్కడికి ఆ చిక్కును వదిలేద్దాం.) కొన్నేళ్ళకు 30 లీటర్లు పోయాయనుకుందాం. పొడిగాలిలో వాటిలో 18 నీరు, 12 ఆల్కహాల్ అయితే, మిగిలిన 170 లీటర్లలో 113 ఆల్కహాల్, గాఢత 66.5 శాతానికి పెరిగింది. తేమగాలిలో 6 నీరు, 24 ఆల్కహాల్ పోతే మిగిలేది 101, గాఢత 59.4కు పడిపోయింది. పోయింది రెండుచోట్లా అదే 30 లీటర్లు, ఒకచోట చిక్కబడింది, ఇంకోచోట పలుచబడింది. స్కాట్లండ్‌లో చల్లటి, తేమ నిండిన గోదాముల్లో ఏటికేడు గాఢత తగ్గుతుంది. మరీ పాతబడిన పీపా చట్టం కోరే 40 శాతం కంటే కిందికి దిగి, విస్కీ అనే పేరే పోగొట్టుకునే ప్రమాదమూ ఉంది. టెనెసీ గోదాముల పై అంతస్తుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. లించ్‌బర్గ్‌లో బాగా ఎత్తున ఉన్న కాయ్ హిల్ గోదాములనుంచి 2021లో అమ్మకానికి తెచ్చిన సరుకులో కొన్ని పీపాల గాఢత 74 శాతం దాటింది. మళ్ళీ బట్టీ ఎక్కకుండానే, ఒట్టి ఎండ, పొడిగాలి చేసిన పని అది.

ఎంత పోతుందన్నది మరో లెక్క. ఇది చక్రవడ్డీని వెనక్కి తిప్పినట్టు ఉంటుంది. స్కాట్లండ్‌లో ఏడాదికి సుమారు 2 శాతం, టెనెసీ, కెంటకీ ప్రాంతాల్లో 4 శాతం ప్రాంతంలో, బెంగళూరులో సింగిల్ మాల్ట్ విస్కీ చేసే అమృత్ వంటి చోట్ల 10 నుంచి 12 శాతం అని చెబుతారు. 200 లీటర్ల పీపాను 12 ఏళ్ళు ఉంచితే స్కాట్లండ్‌లో దాదాపు 157 లీటర్లు, టెనెసీలో 122 లీటర్లు మిగలాలి. 11 శాతం లెక్కన బెంగళూరులో మిగిలేది 50 లీటర్లకు కాస్త తక్కువే. మనవైపు విస్కీని పన్నెండేళ్ళు, పద్దెనిమిదేళ్ళు అని వయసు చెప్పి అమ్మడం అరుదు కావడానికి ముఖ్య కారణం, అన్నేళ్ళకు పీపాలో అమ్మడానికి మిగిలేది చాలా తక్కువ కావడం.

కుండ పోలిక ఒకచోట తెగుతుంది, అదీ చెప్పాలి. రోజుకు లీటరు నీరు ఆవిరయ్యే కుండ, లీటరుకు సుమారు 2,400 కిలోజౌళ్ళ చొప్పున, 28 వాట్ల వేగంతో వేడిని బయటికి తోడేస్తుంది. పీపా ఏడాదికి 8 లీటర్లు పోగొట్టుకున్నా రోజుకు 22 మిల్లీలీటర్లే. అంటే నాలుగు చెంచాలకు కాస్త ఎక్కువ. దానివల్ల తోడబడే వేడి ఒక్క వాటు కూడా ఉండదు. పీపాను ముట్టుకుని చూశాను: పక్కనున్న దూలం ఎంత వెచ్చగా ఉందో అదీ అంతే.

ఇంత నెమ్మదిగా కారేటట్టు చేసింది చెట్టే. చెట్టులో నీరు ఎక్కే నాళాలు ఎర్ర ఓక్‌లో చివరిదాకా తెరిచే ఉంటాయి. ఆ చెక్కముక్క ఒక కొసను నీళ్ళలో ముంచి, రెండో కొసన నోటితో ఊదితే బుడగలు వస్తాయి. తెల్ల ఓక్‌లో చెక్క చేవదేరే దశలో పక్కనున్న కణాలు నాళంలోకి బుడగల్లా ఉబ్బి, దారి మూసేస్తాయి. వీటిని టైలోసులు అంటారు. ఎర్ర ఓక్‌తో పీపా చేస్తే కారిపోతుంది. తెల్ల ఓక్‌తో చేస్తే ద్రవం ఆగుతుంది, ఆవిరి పోతుంది. సరిగ్గా కుమ్మరి కుండలాగే. జాడీలా గాజుపూత వేస్తే ఏదీ పోదు, ఏదీ లోపలికీ రాదు. అప్పుడు విస్కీ బట్టీ దిగిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది.

లోపలికి వచ్చేది ఆక్సిజన్. ఖాళీ అయిన మేరకు గాలి చేరి, ఆల్కహాల్‌లో కొంతభాగాన్ని ఆమ్లాలుగా, ఆపై పండ్ల వాసననిచ్చే ఎస్టర్లుగా మారుస్తూ పోతుంది. అక్కడ చీల్చి పెట్టిన ఒక పీపా చెక్కను చేతికిచ్చారు. ఒకవైపు నిప్పుతో కాల్చిన నల్లటి పొర, మొసలి వీపులా పగుళ్ళతో ఉంది. దాని వెనుక గోధుమరంగు, ఆ తరువాత కొన్ని మిల్లీమీటర్ల లోతున ఒక ఎర్రటి గీత, అక్కడినుంచి పచ్చి చెక్క. వేసవిలో ద్రవం వ్యాకోచించి ఎంతదాకా చొచ్చుకుపోయిందో, చలికాలంలో ఎక్కడినుంచి వెనుదిరిగిందో ఆ గీత చెబుతుంది. మంట తగిలినప్పుడు చెక్కలోని లిగ్నిన్ విరిగి, వెనిల్లా వాసననిచ్చే వెనిల్లిన్ పుడుతుంది. హెమీసెల్యులోజు చక్కెరలుగా విరిగి పాకమవుతుంది. విస్కీ రంగంతా ఆ గీతకు ఇవతలిదే. బట్టీనుంచి వచ్చినప్పుడు అది నీళ్ళంత తెలుపు.

ఇక చెట్లు. పోయిన ఆవిరి దేవదూతల దాకా వెళ్ళడం లేదు. దారిలోనే ఒక శిలీంద్రం పట్టేస్తోంది. ఫ్రాన్స్‌లోని కోన్యాక్‌లో బ్రాందీ గోదాముల గోడలమీది నలుపును 1872లోనే బోదువాఁ అనే ఔషధ నిపుణుడు గమనించి రాశాడు. దానికి సరైన వర్గీకరణ దొరకడానికి మాత్రం 135 ఏళ్ళు పట్టింది: కెనడాకు చెందిన జేమ్స్ స్కాట్ బృందం 2007లో దాన్ని కొత్త ప్రజాతిగా గుర్తించి, మొదట చూసినవాడి పేరుతో, ఊరి పేరుతో కలిపి, బోదోయినియా కోంప్నియాసెన్సిస్ అని పిలిచింది. గాలిలోని ఆల్కహాల్ ఆవిరి దాని బీజాలు మొలకెత్తడానికి తోడ్పడుతుంది. ఎండకు కాగే నల్లటి ఉపరితలంమీద వేడిని తట్టుకునే శక్తినీ ఇస్తుంది. చెట్టు బెరడు, ఇంటి గోడ, ట్రాఫిక్ బోర్డు, దానికి ఏదైనా ఒకటే. పక్కనే ఉన్న లింకన్ కౌంటీలో కొత్త గోదాముల చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ గోడలు, కార్లు నల్లబడుతున్నాయని పోరాడగా, 2023లో అక్కడి న్యాయస్థానం అనుమతుల విషయం తేలేవరకు ఒక గోదాము నిర్మాణాన్ని ఆపమంది.

తిరుగు ప్రయాణంలో కారు ఆపించి, మనవరాలి ఎదుట తాళంచెవితో ఒక చెట్టు బెరడును గీశాను. నలుపు పొడిగా, మఖమలు నూగులా రాలింది. కింద మామూలు బూడిదరంగు బెరడు బయటపడింది. పొద్దున నేను చెప్పింది తప్పని, అది మసి కాదు ప్రాణమున్న బూజని, పీపా చెమటే దాని తిండని చెప్పాను. ఆ పిల్ల చూపుడువేలు ముంచి నా నుదుటి పక్కన దిష్టిచుక్క పెట్టింది. ఇంటికెళ్ళి సబ్బుతో రెండుసార్లు కడిగినా దాని అంచు పూర్తిగా పోలేదు.