క్యారమ్స్ ఆటను లైవ్ ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

"అన్నా, మా క్లబ్బుల క్యారమ్స్ పోటీలు లైవ్ పెడదామనుకుంటున్నం. ఏ కెమెరా కొనమంటవ్?"

నల్గొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. పెళ్లిళ్లకు వీడియో తీయడం నా పని. దాంతో పాటు ఆరేళ్లుగా క్యారమ్స్ బోర్డు మీద కెమెరా వేలాడదీసే స్టాండ్లు కడుతున్నాను. ఇంట్లో ప్రాక్టీస్ చేసేవాళ్లకు గోడకు బిగించేవి, పోటీలకు విప్పి ఆటోలో వేసుకుని పోయేవి. ఫోన్ చేసినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే: కెమెరా సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ హాల్లో బోర్డు, దానిమీది లైటు కనపడేలా ఒక ఫొటో పంపండి.

అపోహ: 4కే కెమెరా ఉంటేనే కాయిన్లు స్పష్టంగా కనిపిస్తాయి.

వాస్తవం: కాయిన్ ఎంత స్పష్టంగా కనపడుతుందనేది బోర్డు తెరను ఎంత నింపింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. లెక్క చూడండి. పోటీ బోర్డులో ఆడే చోటు 74 సెంటీమీటర్ల చదరం. చుట్టూ చెక్క ఫ్రేమ్ కలిపితే దాదాపు 90. ఈ 90 సెంటీమీటర్లు తెర ఎత్తు మొత్తం నిండేలా పెడితే, 1080పి వీడియోలో (అంటే తెర ఎత్తు 1080 పిక్సెళ్లు, చుక్కలు) ఒక్కో సెంటీమీటరుకు 12 పిక్సెళ్లు వస్తాయి. కాయిన్ అడ్డుకొలత 3 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే 37 పిక్సెళ్లు. చూసేవాళ్లకు అది చాలు. 720పి లో కూడా 25 వస్తాయి. అదే కెమెరాను హాలు మూలలో పెట్టి, బోర్డు తెర ఎత్తులో సగం మాత్రమే ఆక్రమించేలా తీస్తే 1080పి లో కూడా కాయిన్‌కు మిగిలేది 18. పైగా 4కే తీసినా మన ఊళ్లలో దాన్ని పైకి పంపే నెట్ ఉండదు. నాలుగేళ్ల కిందటి మామూలు ఫోన్ వెనక కెమెరాతో నేను ఇచ్చిన ఫైనల్స్ ఉన్నాయి. క్వీన్ పడ్డాక ఫాలో కాయిన్ పడిందా లేదా అన్న సందేహం చూసేవాళ్లకు ఎప్పుడూ రాలేదు.

విదేశాల్లో పిన్‌బాల్ (ఏటవాలు బల్ల మీద ఇనుప గుండును కొట్టే ఆట) మెషిన్ల మీద ఆటను లైవ్ ఇచ్చేవాళ్ల స్టాండ్లు చూసి నేను ఈ పని మొదలుపెట్టాను. వాళ్లు మూడు కెమెరాలు పెడతారు: ఒకటి ఆట జరిగే బల్ల మీద, ఒకటి స్కోరు తెర మీద, ఒకటి ఆటగాడి ముఖం మీద. పిన్‌బాల్ బల్ల సుమారు 20 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు. అందుకే ఆ కెమెరాను నిలువుగా తిప్పి బిగిస్తారు. మనది చదరం కాబట్టి అడ్డంగానే పెట్టుకోవాలి. అడ్డం తెరలో రెండు పక్కలా ఒక్కో అడుగు చోటు మిగులుతుంది. ఆటగాళ్లు ఆ రెండు పక్కలా కూర్చునేలా కెమెరాను తిప్పండి. చేతులు, వేళ్లు, గురిపెట్టే తీరు అన్నీ ఆ చోటులో కనిపిస్తాయి. ఆటగాళ్లు తెరకు పైనా కిందా వచ్చేలా పెడితే చేతులు కనపడవు, పక్కన ఖాళీ నేల కనపడుతుంది. ముఖం కెమెరా రెండో ఏడాది కొనుక్కోవచ్చు.

అపోహ: కెమెరా ఎంత ఎత్తులో ఉంటే ఆట అంత బాగా కనిపిస్తుంది.

వాస్తవం: ఇది అందరూ చేసే పొరపాటు, నేను కూడా మొదటి ఏడాదంతా చేశాను. హాలు పైకప్పుకు కెమెరా కట్టి జూమ్ చేస్తే సరిపోతుందనుకున్నాను. కానీ క్యారమ్స్ ఆడేవాళ్లు నిటారుగా కూర్చోరు, షాట్ కొట్టేటప్పుడు బోర్డు మీదికి వంగుతారు. వంగిన తల బోర్డుకు సుమారు 40 సెంటీమీటర్ల పైన ఉంటుంది, లోపలి అంచు బోర్డు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరానికి వస్తుంది. కెమెరా బోర్డుకు 2 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ తల తన వైపు అంచు వెంట 6 సెంటీమీటర్ల పట్టీని కప్పేస్తుంది. ఫ్రేమ్‌ను ఆనుకుని ఉన్న కాయిన్‌ను కట్ చేసే షాట్లన్నీ సరిగ్గా ఆ పట్టీలోనే జరుగుతాయి. అదే కెమెరాను 115 సెంటీమీటర్లకు దించితే చూపు తల కింద నుంచి ఏటవాలుగా పోయి, అంచు వరకూ బోర్డంతా కనిపిస్తుంది.

మరీ దించితే బోర్డు మొత్తం తెరలో పట్టదు. మామూలు ఫోన్ ప్రధాన లెన్స్‌కు 115 నుంచి 120 సెంటీమీటర్లు సరిపోతుంది, అంటే బోర్డు నుంచి నాలుగడుగులు. స్టాండ్ మీది బోర్డుకు ఇది నేల నుంచి ఆరడుగుల పైన వస్తుంది. ఫోన్‌లో వీడియో స్టెబిలైజేషన్ ఆపేయండి, అది తెరను నాలుగు వైపులా కోసేస్తుంది. ఎత్తు చాలట్లేదని 0.5 వైడ్ లెన్స్ మాత్రం వాడొద్దు. బోర్డు అంచులు ఉబ్బినట్టు వంగుతాయి, నేరుగా పోయిన కాయిన్ కూడా వంకరగా పోయినట్టు కనిపిస్తుంది. ఆట తెలిసినవాళ్లకు అది భరించలేని విషయం.

అపోహ: బోర్డు మీద షేడ్ లైటు ఉంది కదా, వేరే లైటు ఎందుకు?

వాస్తవం: ఆ షేడ్ ఆడేవాళ్లకు మంచిది, కెమెరాకు కాదు. బోర్డు నడిమధ్యన వేలాడుతుంది కాబట్టి కెమెరా దానికి పైన ఉంటే షేడ్ అడ్డం, కింద ఉంటే కెమెరా నీడ బోర్డు మీద. దానికితోడు పాలిష్ పట్టిన ప్లై అద్దంలా పనిచేస్తుంది. పైనుంచి నేరుగా పడే వెలుగు మధ్య వృత్తంలో తెల్లటి మచ్చగా తిరిగొస్తుంది, తెల్ల కాయిన్లు అందులో కలిసిపోతాయి.

నిర్వాహకులను ముందే అడిగి, ఒప్పుకుంటే ఆ షేడ్ తీసి రెండు పక్కల నుంచి లైట్లు ఇవ్వండి. ఆటగాళ్లు లేని రెండు వైపులా, కెమెరా ఎత్తులోనే, బోర్డు మధ్య నుంచి కనీసం రెండున్నర అడుగుల దూరంలో. అంత దూరం జరిపితే లైటు ప్రతిబింబం బోర్డు అంచు దాటి బయట పడుతుంది. ముందు బటర్ పేపర్ కట్టండి, నీడలు మెత్తబడతాయి. వెలుగు రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక పక్క తక్కువైతే ఆటగాళ్లు మొదట అడిగేది మిమ్మల్నే, అడగాలి కూడా. లైవ్ కోసం ఆట చెడకూడదు. వాళ్లు వద్దంటే షేడ్ అలాగే ఉంచి కెమెరాను పక్కకు జరిపి ఏటవాలుగా తీయండి. చిత్రం కొంచెం తగ్గుతుంది, ఆట తగ్గదు.

పోలరైజర్ ఫిల్టర్ కొంటే మెరుపు పోతుందని కొందరు డబ్బు పెడుతున్నారు. ఏటవాలుగా చూసే కెమెరాకు అది ఉపయోగపడుతుంది. నిటారుగా కిందికి చూసే కెమెరాకు దాదాపు ఏమీ చేయదు.

లైట్లలో ఇంకో చిక్కు ఉంది, తెర మీద నల్లటి చారలు పాకడం. కెమెరా పాడైందనుకుని షాపుకు పట్టుకుపోయినవాళ్లు ఉన్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్. చౌక ఎల్‌ఈడీ బల్బులు దాన్నిబట్టి సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. మన కంటికి తెలియదు, షట్టర్‌కు తెలుస్తుంది. షట్టర్ స్పీడ్ (కెమెరా ఒక్కో చిత్రానికి వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర లాక్ చేస్తే చారలు పోతాయి. 1/60 ఉంటే మళ్లీ వస్తాయి. నేను ఇప్పుడు 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌లను అల్యూమినియం పట్టీకి అంటించి బ్యాటరీ మీద నడుపుతున్నాను. మిణుకు లేదు, కరెంటు పోయినా ఆట ఆగదు. వాటికి డిమ్మర్ పెట్టకండి, చాలా డిమ్మర్లు మిణుకును మళ్లీ తెస్తాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (చిత్రం వెలుగు) కూడా లాక్ చేయాలి. లేకపోతే చెయ్యి బోర్డు మీదికి వచ్చినప్పుడల్లా చిత్రం వెలిగి ఆరుతూ ఉంటుంది.

అపోహ: పీవీసీ పైపులతో స్టాండ్ చౌకగా అయిపోతుంది.

వాస్తవం: కాళ్ల వరకు సరే. పైన అడ్డంగా వేసే పైపు మాత్రం పీవీసీ వద్దు. ఓ మే నెలలో రేకుల షెడ్డులో పోటీ. పొద్దున నేరుగా ఉన్న పైపు మధ్యాహ్నానికి ఫోన్ బరువుకు నడుము వంచింది. చదరపు బోర్డు తెర మీద ఒక పక్కకు జారిపోయింది. పీవీసీ ఎండకు మెత్తబడుతుంది, మన నల్గొండ ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అడ్డానికి అంగుళం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) చదరపు పైపు గానీ అల్యూమినియం పైపు గానీ వేయండి.

ఫొటో స్టూడియోలో పరదా కట్టే బ్యాక్‌డ్రాప్ స్టాండ్ దొరికితే ఇంకా మంచిది. రెండు కాళ్లు, మధ్యలో అడ్డం పైపు, రెండు మీటర్ల ఎత్తు, సంచిలో పట్టేస్తుంది. మీ ఊరి స్టూడియోలో అడిగితే ఒక రోజుకు ఇస్తారు. కాళ్లను ఆటగాళ్లు లేని పక్కలా పెట్టి, ఒక్కో కాలి మీద నాలుగైదు కిలోల ఇసుక సంచి వేయండి. ఏ కాలూ బోర్డుకు, బోర్డు స్టాండ్‌కు తగలకూడదు. తగిలితే స్ట్రైకర్ ఫ్రేమ్‌కు కొట్టిన ప్రతిసారీ తెర అదురుతుంది.

ఇంట్లో అయితే గోడకు యాంకర్ బోల్టులతో ఇనుప బ్రాకెట్. బోర్డు మధ్య గోడకు రెండున్నర అడుగుల దూరంలో ఉంటే చాలు, సింగిల్స్‌లో గోడ వైపు ఎవరూ కూర్చోరు కదా. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు బ్రాకెట్‌కు దూరంగా ఉన్నాయా, పై లైటుకు అడ్డం తిరిగి బోర్డు మీద నీడ పారిస్తున్నాయా చూసుకోండి.

అపోహ: 5జీ సిగ్నల్ నిండుగా ఉంటే లైవ్ ఆగదు.

వాస్తవం: గీతలు కాదు, అప్‌లోడ్ వేగం చూడాలి. అదీ జనం నిండాక చూడాలి. పొద్దున ఖాళీ హాల్లో 20 ఎంబీపీఎస్ చూపించిన నెట్ సాయంత్రం ఫైనల్‌కు 2 కు పడిపోవడం నేను చూశాను. పల్లెల్లో మేం 720పి, 3 ఎంబీపీఎస్ పెడతాం, అప్‌లోడ్ కనీసం దానికి రెట్టింపు ఉంటేనే మొదలుపెడతాం. ఆ లెక్కన గంటకు 1.35 జీబీ ఖర్చు. రోజుకు 2 జీబీ ప్లాన్ గంటన్నరకు అయిపోతుంది, సెమీఫైనల్ మధ్యలో. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు దగ్గర పెట్టుకోండి. యూట్యూబ్‌లో లేటెన్సీ (ఆలస్యం) 'నార్మల్' పెట్టండి. చూసేవాళ్లకు కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కానీ మధ్యలో తిరుగుడు గుర్తు రాదు.

ఇంకో మాట: కొత్త చానల్‌లో లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల వరకు పడుతుంది, ఫోన్ నుంచి నేరుగా లైవ్ ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. పోటీ రోజు పొద్దున చానల్ తెరిస్తే కుదరదు. కంప్యూటర్‌లో ఓబీఎస్ అనే లైవ్ సాఫ్ట్‌వేర్ ద్వారా ఇస్తే 50 మంది నిబంధన లేదు, అది ఉచితం, స్కోరు కూడా తెర మీద వేసుకోవచ్చు. 25 పాయింట్లకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో, 8 బోర్డుల్లో ఎన్నోది నడుస్తోందో తెలియకపోతే మధ్యలో వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు.

అపోహ: ఫోన్‌కు చార్జర్ పెట్టేస్తే రోజంతా నడుస్తుంది.

వాస్తవం: ఎండాకాలంలో వేడికి ఆగిపోతుంది. కవర్ తీసేయండి, తెర వెలుగు తగ్గించండి, ఫాస్ట్ చార్జర్ బదులు మెల్లగా ఎక్కేది వాడండి. లైవ్ అరగంట ముందే పెట్టి, ఎంత వేడెక్కిందో ఫోన్ పట్టుకుని చూడండి.

అపోహ: క్లిప్ గట్టిగా బిగిస్తే ఫోన్ పడదు.

వాస్తవం: పడుతుంది. ఒక పోటీలో ప్లాస్టిక్ క్లిప్ వేడికి వదులై, నా ఫోన్ నాలుగడుగుల పైనుంచి బోర్డు నడిమధ్యన పడింది. కాయిన్లు చెల్లాచెదురయ్యాయి, అంపైర్ ఆ బోర్డు మళ్లీ ఆడించారు. గెలుపు దగ్గరకు వచ్చిన కుర్రాడు ఆ బోర్డు ఓడిపోయాడు. నేను వెళ్లి క్షమాపణ చెబితే తల ఊపాడు కానీ నా వైపు చూడలేదు. ఆ సమయంలో ఎవరైనా షాట్‌కు వంగి ఉంటే తలకే తగిలేది.

ఇప్పుడు ఇనుప క్లిప్, దానికితోడు నైలాన్ తాడు. ఫోన్ ఉండే ఫ్రేమ్‌కు ఒక కొస, అడ్డం పైపుకు ఇంకో కొస, మధ్యలో జానెడు కన్నా ఎక్కువ వదులు ఉండకూడదు. లైట్లకూ అంతే. ముడి వేశాక ఫోన్‌ను ఫ్రేమ్‌తో సహా క్లిప్‌లోంచి తీసి చేత్తో వదిలి చూడండి, తాడు మీద వేలాడాలి. ఆ తర్వాతే ఆటగాళ్లను కూర్చోమనండి.